ఇష్యూ కాని పుస్తకాలు

గోపాలపట్నం దాటాక హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నేను లైబ్రేరియన్‌ని. ఇరవై రెండేళ్లుగా అదే ఉద్యోగం. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే ఇప్పటికీ లైబ్రేరియన్ననే చెబుతాను గానీ, ఆ మాట అన్నప్పుడల్లా అబద్ధం ఆడినట్టుంటుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను చేసేది వేరే పని. పిల్లల ప్రాజెక్టు రిపోర్టుల్ని సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఎంత కాపీ కొట్టారో చూసి కాగితం ఇస్తాను. మాస్టార్ల వ్యాసాలు ఎక్కడెక్కడ అచ్చయ్యాయో పట్టికలు తయారుచేస్తాను. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లకి కొత్తది ఇస్తాను. ఒక్క పుస్తకం కూడా ముట్టుకోకుండా ఇంటికెళ్లిన రోజులే ఎక్కువ.

మా నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి ఇక్కడికి వచ్చారు. నేను టౌన్‌షిప్ క్వార్టర్లలో పెరిగాను. అక్కడి చిన్న లైబ్రరీలో వేసవి సెలవులన్నీ గడిపాను కాబట్టి, డిగ్రీ అయ్యాక లైబ్రరీ సైన్స్ చదువుతానంటే ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. "పుస్తకాల మధ్య కూర్చునే ఉద్యోగం, ఎండా వానా తెలీదు" అన్నారు నాన్న. ఆయన బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల సెగలో పనిచేసేవారు. ఆయన దృష్టిలో అంతకంటే హాయైన బతుకు లేదు.

నేను చేరినప్పుడు లైబ్రరీకి రెండు అంతస్తులుండేవి. కింద పేపర్లు, పత్రికలు, ఇష్యూ కౌంటరు. పైన పుస్తకాల హాలు. ఆ హాలుని చూసుకునే అటెండర్ నాకంటే పదేళ్లు పెద్ద. విజయనగరం దగ్గర పల్లెలో అర ఎకరం పొలం చెక్క అన్నదమ్ములకి వదిలేసి, పట్నంలో పని వెతుక్కుంటూ వచ్చిన మనిషి. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని, ఆయన నన్ను మేడమ్ అనేవాడు, మనసు బాగుంటే అమ్మా అనేవాడు. చదువు ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టడం తప్ప చదవడం రాదు. కానీ ఏ పుస్తకం ఎక్కడుందో నా కేటలాగు కన్నా ముందు ఆయన చెప్పేవాడు. అట్ట రంగుని బట్టి, లావుని బట్టి, వీపు మీద అంటించిన నంబరుని బట్టి.

ఊరంతటినీ ఊడ్చేసిన ఆ పెద్ద తుఫానప్పుడు పై హాలు కిటికీలు రెండు ఊడిపోయాయి. మూడు రోజుల తర్వాత గానీ నేను కాలేజీకి చేరలేకపోయాను. వెళ్లేసరికి బాబాయ్ అక్కడే ఉన్నాడు. వరండా పొడుగునా తాళ్లు కట్టి, తడిసిన పుస్తకాల్ని నడిమికి తెరిచి వాటి మీద ఆరేశాడు. పేజీల మధ్య పాత పేపరు ముక్కలు పెడుతున్నాడు. వాళ్లింటి రేకులు ఎగిరిపోయాయని నాకు వారం తర్వాత ఎవరో చెప్పారు. "మరేటి సెయ్యమంటారమ్మా, రేకులు మళ్లీ ఏసుకోవచ్చు, కాగితం అతుక్కుపోతే విడదీయలేం" అన్నాడు అడిగితే.

ఆ హాలుకి వచ్చే పిల్లల్లో చాలామంది పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లేవాళ్లు కాదు. బల్లల దగ్గర కూర్చుని చదివి, అక్కడే వదిలేసి వెళ్లిపోయేవాళ్లు. సాయంత్రం బాబాయ్ వాటిని ఏరి, మళ్లీ అరల్లో సర్దేవాడు. సర్దేముందు ఏ పుస్తకాలు బల్లల మీదున్నాయో ఒక నోటుపుస్తకంలో నంబర్లు రాయాలని నేనే నియమం పెట్టాను. కౌంటరు దగ్గర ఇష్యూ అయినవే కాదు, లోపల చదివినవీ వాడినట్టే లెక్క. మాకు చదువులో నేర్పిన మొదటి పాఠాల్లో అదొకటి. కొన్నేళ్ల క్రితం, కింద అంతస్తు చూసుకునే రెండో అటెండర్ పోస్టు తీసేశారు. ఒక్కడే రెండంతస్తులూ చూసుకోలేక బాబాయ్ సతమతమవుతుంటే, ఆ నోటుపుస్తకం రాయడం మానెయ్యమని నేనే చెప్పాను. అప్పట్లో అది దయ అనుకున్నాను.

కాలేజీలకి గ్రేడు ఇచ్చే తనిఖీ కమిటీ వస్తుందని తెలిసిన ఏడాది ప్రిన్సిపాల్ నన్ను పిలిచారు. ఆయన చెడ్డ మనిషి కాదు. నెమ్మదిగా మాట్లాడతారు, కుర్చీ చూపించి కూర్చోమంటారు.

"పై హాలు ఖాళీ చేస్తున్నామమ్మా. డిజిటల్ సెంటర్ పెడదాం. కంప్యూటర్లు, గ్లాసు గదులు, మెత్తటి కుర్చీలు. పిల్లలు ఇప్పుడు ఎవరు చదువుతున్నారు పుస్తకాలు?"

"వస్తున్నారు సార్."

"ఎంతమంది? పదేళ్లుగా ఒక్కసారి కూడా ఇష్యూ కాని పుస్తకాల లిస్టు తియ్యండి. అవన్నీ తీసేద్దాం. వాడేవి కింద పెట్టుకోండి."

నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఆ లిస్టు తీశాను. మీట నొక్కితే చాలు, క్షణంలో వచ్చేసింది. పేజీల తరబడి పుస్తకాలు, ప్రతి దాని ఎదురుగా సున్నా. బల్లల మీద చదివి వదిలేసినవన్నీ అందులో ఉన్నాయి. కంప్యూటర్‌కి తెలిసింది కౌంటరు ఒక్కటే. మిగతాది తెలియజెప్పాల్సిన నోటుపుస్తకం నేను ఆపించేశాను.

బాబాయ్‌ని పిలిచి అరల దగ్గరికి తీసుకెళ్లాను. లిస్టులో ఉన్నవాటిని కట్టలు కట్టాలని చెప్పాను. ఆయన రెండు అరలు తీశాక ఆగిపోయాడు. నీలం అట్ట ఊడి, గుడ్డ అంటించిన లావాటి థర్మోడైనమిక్స్ పుస్తకం చేతిలో పట్టుకున్నాడు.

"ఇదేటమ్మా, ఇది గూడా పోద్దా?"

"లిస్టులో ఉంది బాబాయ్."

"రోజూ బల్ల మీద ఉంటాది గదా. కిటికీ పక్కన కూకునే పిల్ల, మెకానికల్ పిల్ల, ఇది లేందే పెన్ను తియ్యదు. నానే రోజూ తీసి అరలో పెడతన్నాను."

"ఇష్యూ కాలేదు. కంప్యూటర్‌లో సున్నా చూపిస్తోంది."

"కంప్యూటర్‌కేటి తెలుసు? నాను సెప్తన్నాను గదా."

నేను ఆయన వంక చూడలేదు. లిస్టు అప్పటికే ప్రిన్సిపాల్‌కి పంపేశాను. ఒకటి తీసేస్తే అంకె కలవదు, మళ్లీ ఎందుకని అడుగుతారు, మళ్లీ చెప్పుకోవాలి. ఆ రోజు నాకు ఓపిక లేదు. ఒక పుస్తకం బతకడానికీ పోవడానికీ మధ్య ఉన్నది నా ఓపికే అని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. "కట్టెయ్యి బాబాయ్" అన్నాను.

ఆ పిల్ల నాకు తెలుసు. శ్రీకాకుళం వైపు రైతుల బిడ్డ. గోపాలపట్నంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేది. ఒక్కటే గది, అందులో ఐదుగురు. అందుకే ఆఖరి కాలేజీ బస్సు కదిలేదాకా పై హాల్లోనే ఉండేది. ఒకసారి నేను ఆ చిరిగిన పుస్తకం చూసి, కొత్త ఎడిషన్ ఉంది కదా తీసుకో అంటే తల అడ్డంగా ఊపింది. పేజీ తెరిచి చూపించింది. లెక్కల పక్కన మార్జిన్లో ఎవరో పెన్సిల్‌తో సన్నటి అక్షరాలు రాశారు. 'ఇక్కడ గుర్తు మారుతుంది, చూసుకో' అని ఒక చోట. 'టేబుల్లో ఈ వరుస చూడు' అని ఇంకో చోట. తెలుగులో. ఎప్పుడో చదువుకుని వెళ్లిపోయిన సీనియర్లు ఇద్దరు ముగ్గురి చేతిరాతలు.

"క్లాసులో అర్థం కానిది దీన్లో అర్థమవుతాది మేడమ్. పక్కన కూకుని సెప్పినట్టుంటాది" అంది. అన్నాక తన యాసకి తనే కంగారుపడి, "చెప్పినట్టు ఉంటుంది" అని సరిచేసుకుంది.

పుస్తకాల మీద రాయకూడదని గోడకి బోర్డు తగిలించిన మనిషిని నేను. ఆ రోజు ఆ పుస్తకాన్ని తిరిగి ఆ పిల్ల ముందే పెట్టాను.

కట్టలన్నీ పోర్టికోలో పేర్చారు. తీసేసిన ప్రతి పుస్తకం మీదా 'రద్దు' అని ముద్ర వెయ్యాలి, లోపలున్న కాలేజీ ముద్రని గీతలు గీసి కొట్టివెయ్యాలి. అది నా పని. అన్ని పుస్తకాలకీ వెయ్యడం నా ఒక్కదానివల్ల కాదని, పై కట్టలకి మాత్రం వేసి వదిలేశాను. వాన్ వచ్చింది. పాత కాగితాలు కొనే మనుషులు పుస్తకాల్ని విసురుతుంటే అవి పడే చప్పుడు కింద కౌంటరు దాకా వినిపించింది. నేను కిటికీ మూసేశాను.

రెండు రోజుల తర్వాత, సాయంత్రం బస్సులు బయల్దేరే వేళ, గేటు దగ్గరికి రమ్మని కబురొచ్చింది. సెక్యూరిటీవాళ్లు పిల్లల సంచులు చూస్తున్నారు. ల్యాబ్‌లో ఏవో మీటర్లు పోయాయని వారంగా అలా వెతుకుతున్నారు. ఆ మెకానికల్ పిల్ల గేటు పక్కన నిలబడి ఉంది. బల్ల మీద నీలం అట్ట పుస్తకం. లోపల కాలేజీ ముద్ర స్పష్టంగా ఉంది, రద్దు ముద్ర లేదు. బస్సు కిటికీల్లోంచి పిల్లలందరూ చూస్తున్నారు. ప్రిన్సిపాల్ అక్కడే ఉన్నారు.

"ఇది లైబ్రరీ పుస్తకమేనా?" అని నన్ను అడిగారు.

"లైబ్రరీదే సార్. తీసేసిన లిస్టులోది."

"తీసేస్తే ముద్ర ఏది?"

ఆయన అట్ట తెరిచి మొదటి పేజీ నా వైపు తిప్పారు.

"ఈ అమ్మాయికి మీరు ఇచ్చారా?"

ఆ ప్రశ్నని నేను ఎన్నిసార్లు తిరిగి విన్నానో చెప్పలేను. ఇచ్చానంటే సరిపోయేది. పెద్ద విషయమేమీ కాదు. రద్దయిన పుస్తకం, ఒక లైబ్రేరియన్ ఒక విద్యార్థినికి ఇచ్చింది, అంతే. ముద్ర వెయ్యలేదని నాలుగు మాటలు పడేదాన్ని. ఆ నాలుగు మాటలకి భయపడ్డాను. తనిఖీకి ముందు నా పేరు మీద ఒక తప్పు పడుతుందని భయపడ్డాను. ఆ పిల్ల నా మొహంలోకి చూస్తోంది. బతిమాలుతున్నట్టు లేదు. నేను చెబుతానన్న నమ్మకంతో, తన వంతు వచ్చేదాకా ఓపిగ్గా నిలబడ్డట్టు చూస్తోంది.

నేను పుస్తకం అట్ట తిరగేస్తూ ఉండిపోయాను.

"నానిచ్చాను బాబూ."

బాబాయ్ వెనకాల నుంచి ఎప్పుడొచ్చాడో తెలీదు. "పోర్టికోలో పడీసిన కట్టలోంచి నానే తీసి ఇచ్చాను. సదువుకునే పిల్ల గదాని. పిల్లని ఏటీ అనకండి. ముద్ర లేదని దానికీ తెల్దు, నానిచ్చినట్టు మేడమ్‌కీ తెల్దు."

"నిన్నెవరు ఇమ్మన్నారు?" అన్నారు ప్రిన్సిపాల్, అదే నెమ్మదైన గొంతుతో.

"ఎవులూ అన్లేదు బాబూ."

పుస్తకం సెక్యూరిటీ గదిలో ఉండిపోయింది. ఆ పిల్ల చేత క్షమాపణ ఉత్తరం రాయించుకున్నారు. తను రాస్తున్నంతసేపూ బస్సు ఆపి ఉంచారు. మర్నాటి నుంచి బాబాయ్‌ని హాస్టల్ మెస్సుకి పంపించేశారు. శిక్ష అని ఎవరూ అనలేదు. పై హాల్లో ఇక పుస్తకాలు లేవు కాబట్టి అటెండర్ అక్కర్లేదు, మెస్సులో మనిషి కావాలి, అన్నారు. వెళ్లేముందు ఆయన కింద కౌంటరు దగ్గరికి వచ్చి, అల్మారా తాళాలు నా బల్ల మీద పెట్టాడు.

"బాబాయ్, నేను చెప్పాల్సింది" అన్నాను.

"పోన్లెండమ్మా. మీకు ఉద్దోగం గావాల. నాకేటుంది, ఇక్కడ కాపోతే అక్కడ."

ఆయన నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే ఈ రోజు ఇదంతా రాసేదాన్ని కానేమో.

డిజిటల్ సెంటర్ తయారైంది. గ్లాసు తలుపులు, ఏసీ, రంగురంగుల మెత్తటి కుర్చీలు. కంప్యూటర్లలో లెక్కలేనన్ని పుస్తకాలున్నాయి, నిజమే. నేనే పిల్లల్ని బ్యాచ్‌లుగా కూర్చోబెట్టి ఎలా వెతకాలో నేర్పాను. అదీ లైబ్రేరియన్ పనే కదా అనుకున్నాను, కొన్నాళ్లు నమ్మాను కూడా. మంచి వ్యాసం ఏదో, డబ్బులిచ్చి వేయించుకున్నది ఏదో ఎలా పోల్చుకోవాలో ఉత్సాహంగా చెప్పేదాన్ని. వాళ్లు హాజరు కోసం క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, మెత్తటి కుర్చీల్లో వాలి ఫోన్లు చూసుకునేవారు. చదవాలనుకునే కొద్దిమంది ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ల మెటీరియల్ తెచ్చుకుని చదివేవారు. ఆ మెకానికల్ పిల్ల ఒక్కసారి కూడా రాలేదు. క్యాంటీన్ వెనక మెట్ల మీద కూర్చుని చదువుకోవడం నేను రెండు మూడుసార్లు చూశాను. నన్ను చూసి పుస్తకం ఒళ్లో దాచుకుంది. దాచుకోవాల్సిన పుస్తకం కాదది, ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న మామూలు గైడు.

కమిటీ వచ్చిన రోజు నేను పట్టుచీర కట్టుకున్నాను. ముగ్గురు సభ్యుల్లో ఒకాయన లైబ్రేరియన్ అని ముందే తెలిసింది. వేరే జిల్లాలో ఏదో కాలేజీ, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. ఆయన అడుగుతారని నాకు గట్టి నమ్మకం. పుస్తకాలెక్కడ అని అడుగుతారు. ఏ కొలత ప్రకారం తీశారు, లోపల చదివినవాటి లెక్క ఏది అని అడుగుతారు. అడిగితే ఈసారి దాచకుండా చెప్పేస్తానని నిర్ణయించుకుని, రాత్రంతా మాటలు కూడబలుక్కున్నాను.

ఆయన గ్లాసు గదులు చూశారు. కుర్చీ చెయ్యిని వేలితో నిమిరారు. ప్రిన్సిపాల్ పక్కనే ఉన్నారు. కమిటీ లైబ్రేరియన్ నా వైపు తిరిగి, "విద్యార్థుల స్పందన ఎలా ఉందమ్మా?" అన్నారు.

"చాలా బాగుంది సార్."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. కూడబలుక్కున్న మాటలేవీ గుర్తు రాలేదు. ఆయన తలూపి కాగితం మీద ఏదో రాసుకున్నారు.

టీ సమయంలో మిగతావాళ్లు ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్తుంటే ఆయన కాస్త వెనకబడి, వరండాలో నా దగ్గర ఆగారు.

"ఇక్కడ పుస్తకాల హాలు ఉండేది కదూ?"

"ఉండేదండి."

"మాదీ పోయింది. పోయినేడాది." గొంతు తగ్గించారు. "మీరు చెబుతారేమో అని అడిగాను. మీరు చెబితే నేను రాద్దామనుకున్నాను."

"మీరు అడుగుతారేమో అని నేను చూశానండి."

ఎదురుగా సింహాచలం కొండ మీద మబ్బు దిగుతోంది. "ఇప్పుడైనా రాయొచ్చు కదండీ" అన్నాను, నాకే వినపడనంత చిన్నగా. ఆయన విన్నారు. చేతిలో టీ కప్పు వంక చూసుకుంటూ, "నాకింకా ఎనిమిది నెలల సర్వీసుందమ్మా" అన్నారు. తర్వాత లోపలికి వెళ్లిపోయారు. మా కాలేజీకి మంచి గ్రేడు వచ్చింది. రిపోర్టులో లైబ్రరీని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఆ పేరా ప్రిన్సిపాల్ పెద్దక్షరాల్లో అచ్చువేయించి డిజిటల్ సెంటర్ గుమ్మం పక్కన తగిలించారు.

బాబాయ్ మెస్సులో రెండు నెలలే ఉన్నాడు. నీళ్లలో, ఆవిరిలో నిలబడలేక మానేశాడని విన్నాను. మా ఇల్లు సీతమ్మధారలో. ఒక రోజు కూరలు కొనుక్కుని వస్తుంటే, మా వెనక వీధి అపార్ట్‌మెంటు గేటు దగ్గర స్టూలు మీద ఆయన కనిపించాడు. వాచ్‌మన్ యూనిఫాం ఆయనకి రెండు సైజులు పెద్దది. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"కూర్చో బాబాయ్."

"బాగున్నారామ్మా? ఆ పిల్ల పాసయిందా?"

నాకు తెలీదు. తెలుసుకోవడం పెద్ద కష్టమేమీ కాదు, నా కంప్యూటర్లో అందరి నంబర్లూ ఉంటాయి, ఫలితాలు చూడొచ్చు. చూడలేదు. "అయ్యే ఉంటుంది" అన్నాను.

"అవుద్ది, బాగా సదూద్ది. నాను ఆ పుస్తకం ఇయ్యకుండా ఉండాల్సిందమ్మా. పిల్లకి మాటొచ్చింది నావల్ల."

సంచిలోంచి నాలుగు జామకాయలు తీసి ఇచ్చాను. ఆయన తీసుకున్నాడు. అప్పటి నుంచి నేను కూరలకి ఇంకో దారిలో వెళ్తున్నాను.

ఈ వేసవిలో ఫైనలియర్ పిల్లలు నో డ్యూ సర్టిఫికెట్ల కోసం వచ్చారు. కాలేజీ వదిలేముందు ప్రతి ఒక్కరూ లైబ్రరీకి ఏమీ బాకీ లేరని నేను సంతకం పెట్టాలి. వరసలో ఆ పిల్ల కూడా వచ్చింది. కాగితం నా ముందు పెట్టి నిలబడింది. నంబరు కొట్టి చూశాను. నాలుగేళ్లలో ఒక్క పుస్తకం కూడా ఇష్యూ చేసుకోలేదు. ఆ హాల్లో గడిపిన మూడేళ్ల సాయంత్రాలు ఎక్కడా లేవు. సబ్జెక్టులు అన్నీ పాసయ్యావా అని అడిగాను.

"ఒకటుండిపోయింది మేడమ్. థర్మో. సప్లిమెంటరీ రాయాలి."

నేను సంతకం పెట్టాను. పెన్ను కింద పెట్టి, ఆ రోజు గేటు దగ్గర నేను ఇచ్చానని చెప్పాల్సిందమ్మా, అన్నాను. వెనకాల నిలబడ్డ పిల్లలు వింటున్నారు. వింటే వినమనుకున్నాను. తను కాసేపు కాగితం అంచు సరిచేసుకుంది.

"నాను మీరు చెప్తారనే అనుకున్నాను మేడమ్" అంది. ఈసారి యాస సరిచేసుకోలేదు. ఆ మాటలో కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

వెళ్లబోతూ ఆగి, "పై హాలు తాత ఎక్కడున్నాడు?" అని అడిగింది. అపార్ట్‌మెంటు ఆనవాళ్లు, ఏ గేటో ఒక కాగితం మీద రాసిచ్చాను. మడిచి ఫోను కవర్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

వెళ్లి ఆయన్ని కలిసిందో లేదో నాకు తెలీదు. ఆ వీధిలోకి వెళ్లి అడిగే ధైర్యం నాకింకా రాలేదు.